బావా, మలేషియాలో గట్టిమేళం మోగింది, పెళ్ళెవరిదో చెప్పుకో

తిరుపతి,
కొర్లగుంట

ఒరే బావా,

తిట్టుకో, ఎంతైనా తిట్టుకో. మలేషియా నుంచి వచ్చి ఇన్నాళ్ళయినా నీకు ఒక్క ముక్క రాయలేదు. ఫోన్లో చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నా గానీ ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. సగంలో నువ్వు నవ్వడం మొదలుపెడతావు, నీ నవ్వు విని నాకూ నవ్వొస్తుంది, ఇక కథ పాకాల పెళ్ళిలో పాయసం గతే. పోనీ రాద్దామంటే, దిగిన మర్నాటి నుంచీ ముహూర్తాలు. పొద్దున చంద్రగిరిలో పెళ్ళి, సాయంత్రం రేణిగుంటలో ఎదురుకోలు. నాదస్వరం ఊదే పీక, ఆ సీవాళిని నోట్లోంచి తీసే తీరిక దొరికితేగా!

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. డాక్టరు నడవమంటాడు, అమ్మ నడవదు. చెల్లికి పుత్తూరు సంబంధం ఒకటి వచ్చింది, అబ్బాయికి చెన్నైలో ఉద్యోగం, జాతకాలు చూపిస్తున్నారు. గంగమ్మ జాతర దగ్గర పడింది, వీధిలో పిల్లలు అప్పుడే ఏ వేషం కట్టాలా అని కొట్టుకుంటున్నారు. ఈసారి కూడా నువ్వు రానన్నావంటే కార్వేటినగరం సంగతి మీ అమ్మ ముందు విప్పేస్తా, తర్వాత నన్నేం అనొద్దు. ఇంటి సంగతులు అయిపోయాయి.

ఇక విను.

వెళ్ళింది అయిదుగురం. నాయన, నేను, డోలు మామ, రెండో డోలుకి మామ అల్లుడు, తాళానికి చిన్నోడు. వాడు నీ వారసుడే. తాళం వేస్తూ వాడూ నిద్రపోతాడు, కాకపోతే లయ తప్పడు. అక్కడి తెలుగు సంఘం వాళ్ళు ఉగాదికి పిలిచారు. మన రేణిగుంటది పేరుకి అంతర్జాతీయ విమానాశ్రయమే గానీ కౌలాలంపూర్ విమానం ఎక్కాలంటే చెన్నైకే పోవాలి. అర్ధరాత్రి వ్యాన్లో నగరి మీదుగా బయల్దేరాం. డోళ్ళు రెండింటికీ అమ్మ పాత బొంతలు చుట్టి లగేజీలో వేశాం. నాదస్వరాలు మాత్రం నాయన చేతిలోనే. వాటిని లగేజీలో వేస్తే నన్నూ అందులోనే వేయండి అన్నాడు.

సెక్యూరిటీ దగ్గర మామ సంచి ఆపేశారు. ఎందుకో ఊహించావా? స్పానరు! పడుకున్నా తలకింద పెట్టుకుని పడుకునే మనిషి, చేతి సంచిలో వేసుకొచ్చాడు. అది విమానంలోకి కుదరదన్నాడు ఆ ఆఫీసరు. "ఇది లేకపోతే బోల్టులు బిగించేదెట్లా సార్, డోలు పలకదు" అన్నాడు మామ. "విమానంలో పలకాల్సిన పని లేదులెండి" అన్నాడాయన. తర్వాత డబ్బాలో ఉన్న వేలి తొడుగులు తీసి, ఇవేమిటన్నాడు. గుడ్డపేలికలూ మైదా పిండీ అని చెబితే నమ్మడే! చివరికి మామ వాటిని వేళ్ళకు ఎక్కించుకుని అక్కడున్న ప్లాస్టిక్ ట్రే మీదే నాలుగు జతులు కొట్టి చూపించాడు. వెనక క్యూలో ఉన్నవాళ్ళు చప్పట్లు. ఆఫీసరు కూడా నవ్వి తొడుగులు ఇచ్చేశాడు, స్పానరు మాత్రం ఇవ్వలేదు.

కాగితాల పని చాలా ఉంది బావా. మనవాళ్ళకి ఇప్పుడు మలేషియాకి ముప్పై రోజుల దాకా వీసా అక్కర్లేదు కదా, దిగి వాయించేసి వచ్చేయొచ్చు అనుకున్నాన్నేను. అట్లా కాదట. తిరగడానికి వచ్చినవాడు కచేరీ చేయకూడదు, విదేశీ కళాకారులకి వేరే అనుమతి ఉండాలి. పిలిచినవాళ్ళే అదంతా ముందుగా తెచ్చిపెట్టారు. దిగేముందు ఫోన్లో నింపే ఫారం ఒకటుంది, అది మామ అల్లుడు చూసుకున్నాడు. ఆ ఫారంలో ఇంటిపేరు ఎక్కడ, సొంత పేరు ఎక్కడ అని మామకీ అల్లుడికీ జరిగిన యుద్ధం వేరే ఉత్తరంలో రాస్తా.

మమ్మల్ని కౌలాలంపూర్‌లో మనవాళ్ళుండే పేట బ్రిక్‌ఫీల్డ్స్‌లో దించారు. పూలమాలల కొట్లు, వెండి సామాన్లు, అరటాకు భోజనం. మన గాంధీ రోడ్డులోనే దిగినట్టుంది. ఉక్క కూడా మనదే. టైము మాత్రం మనకంటే రెండున్నర గంటలు ముందు. అందుకని నాయన తెల్లవారుజామున సాధకం మొదలుపెట్టాలంటే మామ దృష్టిలో అది నడిరాత్రి. బటు కేవ్స్‌కి తీసుకెళ్ళారు. 140 అడుగుల సుబ్రహ్మణ్యస్వామి, రంగురంగుల మెట్లు. 272 మెట్లండీ, పెద్దాయన ఎక్కగలరా అని అడిగారు. అలిపిరి నుంచి 3550 ఎక్కే మనిషిని! నాయన ఏమీ అనకుండా ఎక్కేసి, పైన నిలబడి వాళ్ళ కోసం చూస్తున్నాడు.

స్పానరు సంగతి మరిచిపోయా. ఆ గాలి తేమకి డోలు చర్మం జారిపోయింది. కొట్లో కొన్న స్పానరు బోల్టుకి సరిపడదు. దగ్గర్లోని గుళ్ళో వాయించే డోలు విద్వాంసుడు ఒకాయన, కుంభకోణం వైపు మనిషి, కాంట్రాక్టు మీద వచ్చి ఉన్నాడు. ఆయన దగ్గరికి వెళ్ళాం. స్పానరు చేతిలో పెట్టి, తానే కూర్చుని రెండు డోళ్ళూ బిగించి, మామతో పాటు చీకటి పడేదాకా వాయించాడు. ఆయనకి తెలుగు రాదు, మామ అరవం సంగతి నీకు తెలుసు. మాటలతో పని పడలేదు.

ఇప్పుడు అసలు రోజు.

ఆడిటోరియం. మెత్తటి కుర్చీలు, ఎర్ర తెర, ఏసీ ఎంతంటే ఎముకలు కొరికేస్తోంది. మధ్యాహ్నం సౌండ్ చెక్ అన్నారు. మనకి ఎప్పుడైనా సౌండ్ చెక్ ఉందా బావా? షామియానా కింద చాప పరిచి కూర్చుంటే అదే చెక్. సౌండు కుర్రాడు చైనావాడు, పాపం మంచివాడు, నాదస్వరం ఎప్పుడూ చూడలేదు. అనసు, అదే నాదస్వరం చివరి గరాటు, దాని ముందు మైకు పెట్టి వాయించమన్నాడు. నాయన హంసధ్వని రాగంలో ఒక్క పట్టు పట్టాడు. వాడి మిషను మీద లైట్లన్నీ ఎర్రబడ్డాయి. మైకు రెండడుగులు వెనక్కి జరిపాడు. మళ్ళీ ఎరుపే. ఇంకా జరిపాడు. అలా జరిపి జరిపి చివరికి మైకు తెర దాకా పోయింది. వాడు చేతులెత్తేసి, మైకు కట్టేసి, శ్రుతి పెట్టెకీ తాళానికీ మాత్రం చెరొకటి ఉంచాడు. చిన్నోడి మొహం చూడాలి! మేళంలో మైకున్న మొదటి తాళగాడు నేనే అని ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు.

ఆ చలికి ఇంకో గొడవ. నాదస్వరం శ్రుతి కిందికి దిగుతుంది, డోలు చర్మం ఎండి పైకి పోతుంది. నాయన సీవాళి మారుస్తాడు, మామ బోల్టు వదులు చేస్తాడు, మళ్ళీ మొదటికి.

సాయంత్రం తెర లేచింది. గంభీరనాట రాగంలో మల్లారితో, స్వామి ఊరేగింపుకి వాయించే ఆ మేళంతో మొదలుపెట్టాం, బాగానే పోయింది. తర్వాత నాయన కల్యాణి ఆలాపన ఎత్తుకున్నాడు. ఈ కల్యాణి కోసం సంక్రాంతి నుంచీ ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వలేదు. అప్పుడు చూశాను బావా, హాలు మొత్తం నిశ్శబ్దం. అందరూ మా వైపే చూస్తున్నారు. ఒక్కరూ మాట్లాడరే.

నువ్వే చెప్పు, పెళ్ళిలో మనల్ని ఎవరు వింటారు? మనం తోడి వాయిస్తుంటే వియ్యపురాళ్ళు చీరల రేట్లు మాట్లాడుకుంటారు, పిల్లలు డోలు కింద దూరుతారు, ఎవరో వచ్చి కాస్త తగ్గించండయ్యా ఫోను వినపడట్లేదు అంటారు. మనమూ దానికే అలవాటు పడ్డాం. ఎవరూ వినడం లేదన్న ధైర్యంతో ఎంత బాగా వాయించేవాళ్ళమో నీకు తెలుసు. ఇక్కడేమో అంతమంది కళ్ళు. నా అరచేతులకి చెమటలు. మామ నా చెవిలో, "ఏందిరా, వీళ్ళకి కోపమొచ్చిందా?" అన్నాడు. నాయన మాత్రం, నేను అట్లా ఎప్పుడూ చూడలేదు, కళ్ళు మూసుకుని, పై షడ్జం మీద నిలబడి, అక్కణ్ణుంచి దిగకుండా... సరే, అది మాటల్లో రాదు. నువ్వుండాల్సింది.

ఆలాపనలో డోలుకి పని లేదు కదా. మామ చేతులు డోలు మీద పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ఊరికే కూర్చుంటే ఆయన కళ్ళు ఎటు పోతాయి? పురోహితుడి కోసం వెతుకుతాయి. ముప్పై, నలభై ఏళ్ళ అలవాటు. తెర పక్కన కార్యక్రమం నడిపే అమ్మాయి నిలబడి ఉంది, అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఇంకొక్క నిమిషమే ఉందని చెప్పడానికి చూపుడువేలు పైకెత్తి, గబగబా ఊపింది.

అయిపోయింది బావా. వేలు లేచింది, ఊగింది. మామ ఇంకేమీ చూళ్ళేదు. కల్యాణి నడినెత్తిన గట్టిమేళం దంచేశాడు. ఆయన కొట్టాక అల్లుడు ఆగుతాడా? రెండు డోళ్ళూ. చిన్నోడు నిద్రలోంచి లేచి తాళం. నాయన కళ్ళు తెరిచాడు, ఒక్క క్షణం మొహం చూడాలి, కానీ వేళ్ళు ఆయన మాట వింటాయా? అవీ గట్టిమేళంలోకి దూకాయి. నేనూ దూకాను. ఏసీ హాలు కదా, ఆ మోత గోడలకి కొట్టుకుని నాలుగింతలైంది. సౌండు కుర్రాడు రెండు చెవులూ మూసుకున్నాడు.

ఇంక జనం సంగతి విను. ముందు వరసల్లో పెద్దవాళ్ళంతా లేచి నిలబడ్డారు, ఎవరూ చెప్పకుండానే. చేతులు పైకెత్తి అక్షింతలు వేస్తున్నారు. చేతుల్లో ఏమీ లేవు, అయినా వేస్తున్నారు! అతిథుల మీద చల్లడానికి పళ్ళెంలో గులాబీ రేకులు పెట్టి ఉంటే ఒకావిడ ఆ పళ్ళెం అందుకుంది. ఎవరి మీద వేయాలి? ఎదురుగా ముఖ్య అతిథీ ఆయన భార్యా పక్కపక్కన కూర్చుని ఉన్నారు, ఇద్దరికీ డెబ్బై దాటి ఉంటాయి. రేకులన్నీ వాళ్ళ నెత్తిన. ఆయన బిత్తరపోయి చుట్టూ చూస్తున్నాడు, ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. నేను నవ్వాపుకోలేక సీవాళి మీద పట్టు వదిలేశాను, నాదస్వరంలోంచి దూడ అరిచినట్టు ఒక కూత వచ్చింది. అది కూడా వీడియోలో ఉంది, పంపను.

మోత ఆగాక ఆ అమ్మాయి మైకు పట్టుకుని వచ్చి, ఇప్పుడు వాయించింది ఏ రాగం అని అడిగింది. మామ లేచి నిలబడి, గంభీరంగా, "రాగం కాదమ్మా. తాళి కట్టే క్షణంలో తుమ్ము గానీ చెడ్డ మాట గానీ చెవిన పడకుండా వాయించేది. నువ్వు వేలెత్తావు, నేను కొట్టాను" అన్నాడు. హాలు పడిపోయింది. ఇక నిమిషం లేదు, గంట లేదు, మాకు తోచినంతసేపు వాయించమన్నారు.

నాయన మాత్రం కల్యాణి మళ్ళీ ఎత్తుకోలేదు. వర్ణం ఒకటి, అన్నమయ్య కీర్తనలు రెండు, మంగళం. లాడ్జికి వచ్చాక మామతో మాట లేదు. మర్నాడూ లేదు. మామేమో నాతో, "వేలు లేస్తే కొట్టకుండా ఉంటే నేనేం డోలువాణ్ణిరా" అని గొణుగుడు. నాకు ఇద్దరి మీదా జాలే. మామది న్యాయమే. కానీ నాయనకి జన్మలో ఒక్కసారి జనం చెవులప్పగించి కూర్చుంటే, అది కూడా... నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారు కరవది నుంచి శ్రీరంగం చేరి, దేశాలు తిరిగి వాయించి వచ్చారని చిన్నప్పుడు మనకి కథలు కథలుగా చెప్పేవాడు, గుర్తుందా? ఆ కల్యాణి వెనక అదంతా ఉంది.

పైగా ఆ వీడియో అందరికీ పాకిపోయింది. తర్వాత ఎక్కడికెళ్ళినా అదే అడగడం. పేరాక్ రాష్ట్రంలో బాగన్ దాతోక్ అని ఒక ఊరు. అంతా కొబ్బరి తోటలు. తాతల కాలంలో తోటల్లో కూలికి వెళ్ళిన మనవాళ్ళ పిల్లలు, వాళ్ళ పిల్లలు, ఇంకా తెలుగే మాట్లాడుకుంటున్నారు. అక్కడ చిన్న గుడి ముందు వాయించాం. మైకు లేదు, ఏసీ లేదు, ప్రాణం లేచొచ్చింది. నాయన అడగకుండానే కల్యాణి తీసి, మనసు తీరా వాయించాడు. మామ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తల దించుకుని కూర్చున్నాడు, ఎవరి వేలూ కనపడకుండా!

అయ్యాక ఒక ముసలావిడ వచ్చి, మా పెళ్ళికి మేళం లేదు నాయనా, ఎస్టేటులో ఎవరో కిరసనాయిలు డబ్బా కొట్టారు అంది. భర్తని చెయ్యి పట్టి లాక్కొచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ ముసలాయన సిగ్గుపడి లేచిపోబోతే మనవళ్ళు పట్టుకున్నారు. మామ నాయన వైపు చూడటానికి భయపడి నా వైపు చూస్తున్నాడు. నాయన నాదస్వరం ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేతి వేలెత్తి ఊపాడు, మన పురోహితులకంటే దర్జాగా. మామ కొట్టిన కొట్టుడికి తొడుగు ఒకటి ఎగిరిపోయి ఆ మనవడి ఒళ్ళో పడింది. వాడు ఇవ్వనన్నాడు, ఇచ్చేసి వచ్చాం.

తిరుగు ప్రయాణంలో ఇంకా పెద్ద కథే జరిగింది, మామ అల్లుడు టీ దుకాణంలో చేసిన ఘనకార్యం. వాళ్ళు టీని అంత ఎత్తు నుంచి లాగి పోస్తారు, వీడు నేనూ పోస్తానని... అయ్యో, వ్యాను వచ్చేసింది, నాయన గేటు దగ్గర నుంచి కేకలు. శ్రీకాళహస్తిలో స్నాతకం, అక్కడికి చేరేసరికి ఆలస్యమైతే నా వీపు గట్టిమేళమే. టీ సంగతి మళ్ళీ రాస్తా. నీ కొత్త అడ్రసు సరిగ్గా పెట్టు, పోయినసారి ఉత్తరం తిరిగొచ్చింది. జాతరకి రా, మామ నిన్ను అడిగాడు.

ఉంటా,
నీ పీపీగాడు