తేనెటీగల పెంపకందారుల సంఘం: 2024-25 జమా ఖర్చుల వివరణ

సభ్యులకు, దాతలకు, శ్రేయోభిలాషులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ సమావేశంలో లెక్కలు చదివి, సంతకాలు పెట్టించుకుని ఊరుకునేవాళ్లం. ఈసారి అందరూ చదువుకునేలా రాసి పెడుతున్నాం. కారణం మీకు తెలిసిందే. తేనె తీసే మిషను ఆలస్యమైన దగ్గర్నుంచి టీ కొట్టు దగ్గర ఒక మాట, జీడితోటల్లో ఒక మాట నడుస్తోంది. నేరుగా వచ్చి అడిగినవాళ్లు ఇద్దరే. వాళ్లిద్దరికీ థాంక్స్. మిగతావాళ్ల కోసమే ఈ కాగితం.

జమ:

గత ఏడాది నిల్వ – రూ. 11,640
సభ్యత్వ రుసుము, 41 మంది × 500 – రూ. 20,500
పరికరాల నిధికి విరాళాలు – రూ. 86,500
డాలస్‌లో ఉంటున్న మన ఊరి అబ్బాయి ఇచ్చింది – రూ. 25,000
మిషను వాడకం రుసుము, 23 రోజులు × 200 – రూ. 4,600
మైనం అమ్మకం, 6.5 కిలోలు × 450 – రూ. 2,925
బ్యాంకు వడ్డీ – రూ. 612
మొత్తం – రూ. 1,51,777

మన సభ్యులు 44 మంది, సభ్యత్వం కట్టింది 41 మంది. ఆ ముగ్గురూ రేపు మాపు అంటూనే ఏడాది గడిపేశారు. డాలస్ డబ్బు గురించి "విదేశీ విరాళం కదా, పర్మిషన్ ఉందా?" అని ఒకరు అడిగారు. ఆ అబ్బాయిది ఇంకా మన దేశం పాస్‌పోర్టే. తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారానే పంపాడు. మన పౌరుడు సొంత డబ్బు ఇస్తే అది చట్టం లెక్కలో విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ ఫైల్లో ఉంది. ఆ 25,000, ఈగలు పట్టు కట్టుకోవడానికి ఫ్రేముల్లో పెట్టే మైనపు షీట్లు ఒత్తే అచ్చు మిషను కోసమే ఇచ్చాడు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోం.

పరికరాల నిధి గురించి రెండు మాటలు. 2024 మే 20న, ప్రపంచ తేనెటీగల దినోత్సవం రోజు పెట్టుకున్న సమావేశంలో ఇస్తామని పేర్లు రాయించుకున్న మొత్తం 1,12,000. చేతికి వచ్చింది 86,500. ఇంకా తొమ్మిది మంది దగ్గర 25,500 ఉండిపోయింది. పేర్లు రాయడం లేదు, ఎవరికి వారికి తెలుసు. అందులో ఒకరు మైకు తీసుకుని మరీ అయిదు వేలు ప్రకటించారు. చప్పట్లు ఆ రోజే ముట్టాయి, డబ్బు ఇంకా ముట్టలేదు. మిషను ఎందుకు ఆలస్యమైందని గట్టిగా అడుగుతున్నవాళ్లలో ఈ తొమ్మిది మందిలోనివాళ్లూ ఉన్నారని మాత్రం చెప్పక తప్పదు. అడిగే హక్కు లేదనడం లేదు.

ఖర్చులో పెద్దగా వివాదం లేనివి:

పొగడబ్బాలు 4, ముసుగు-గ్లవ్స్ సెట్లు 10, పెట్టె ఉలులు 10, తేనె అరల మైనపు మూత కోసే కత్తులు 3 – రూ. 13,050
తేమ చూసే పరికరం (రిఫ్రాక్టోమీటర్) – రూ. 2,450
జల్లెడలు, తేనె తేర్చుకునే స్టీలు డ్రమ్ములు 2 – రూ. 5,900
ఫార్మిక్ యాసిడ్, గంధకం పొడి (పెట్టెల్లో పురుగులకు) – రూ. 1,140
గది అద్దె, కరెంటు – రూ. 10,910
లెక్కల తనిఖీ, రెన్యువల్ – రూ. 1,500
స్టేషనరీ, బ్యాంకు చార్జీలు – రూ. 685

రిఫ్రాక్టోమీటర్ "అనవసరం, నాలుక చాలదా" అన్న పెద్దాయనకు ఒక మాట. ఆహార భద్రత నిబంధనల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. అది నాలుకకు తెలియదు. అద్దం మీద ఒక చుక్క వేసి వెలుతురుకేసి పట్టుకుంటే నీలం, తెలుపు కలిసే గీత ఎక్కడుందో అంకె కనిపిస్తుంది. మార్చిలో ఒక సభ్యుడి తేనె 23 చూపించింది. అరలకు ఈగలు మూత వేయకముందే తీసేశాడు. అమ్మి ఉంటే నెల తిరక్కుండా పులిసేది. కొన్నవాడు అతన్నొక్కణ్ణే తిడతాడా? మన ప్రాంతం తేనె అంతా ఇంతే అంటాడు.

ఇక మిషను సంగతి. తేనెపట్టు ఉన్న ఫ్రేములను (చెక్క చట్రాలను) లోపలి బుట్టలో నిలబెట్టి గిరగిరా తిప్పితే, పట్టు చెడకుండా తేనె డ్రమ్ములోకి చిమ్మే మిషను ఇది.

తేనె తీసే మిషను – రూ. 31,270
లారీ కిరాయి – రూ. 2,350
దింపుడు, ఆటో – రూ. 400
చిన్న ఫ్రేములకు బుట్టలు – రూ. 3,600
మొత్తం – రూ. 37,620

మొదటి ప్రశ్న: జింకు పూత ఇనుముతో చేసింది 11,000 చిల్లరకు వస్తుంటే మూడింతలు పోసి స్టీలుది ఎందుకు? తేనె తియ్యగా ఉంటుంది గానీ దానికి ఆమ్ల గుణం ఉంది, పీహెచ్ 4కు అటూ ఇటూ ఉంటుంది. జింకు పూతను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. పూత పోయిన చోట తుప్పు పడుతుంది. ఒక్కరి మిషను అయితే వాడగానే కడిగి, తుడిచి, బోర్లించి పెట్టుకుంటారు. నలభై మంది చేతులు మారేదాన్ని ఎవరు ఎలా కడుగుతారో మనకు తెలియని సంగతి కాదు. అందుకే తుప్పు అంత తేలిగ్గా పట్టని 304 గ్రేడు స్టీలు అనుకున్నాం. ఈ నిర్ణయం మే సమావేశంలో చేతులెత్తి అందరూ ఒప్పుకున్నదే, మినిట్స్ పుస్తకంలో ఉంది.

రెండో ప్రశ్న: అంత పెట్టినప్పుడు మోటారుది కొనొచ్చుగా? మోటారుది 52,000 చెప్పారు. అప్పటికి చేతిలో ఉన్నదే 61,000. డబ్బు సంగతి అటుంచండి. మన పెట్టెలు ఎక్కువగా ఉన్నది జీడితోటల్లో, మామిడి తోటల్లో, కొబ్బరి చెట్ల కింద. అక్కడ కరెంటు ఎక్కడిది? ఉన్నా బోరుకి ఇచ్చే టైములోనే. చేతితో తిప్పేదైతే ట్రాలీ ఆటోలో వేసుకుపోయి కాపలా గదిలో పెట్టుకుని తీసుకోవచ్చు. పైగా కొత్త పట్టు లేతగా ఉంటుంది. స్పీడు ఒక్కసారిగా పెంచితే ఫ్రేములోంచి ఊడిపోతుంది. ఒకవైపు సగం తేనె వచ్చాక ఆపి, ఫ్రేము తిప్పి పెట్టి, రెండోవైపు పూర్తిగా తీసి, మళ్లీ మొదటి వైపుకి రావాలి. నేర్చుకునేవాళ్లకు చెయ్యి చెప్పినట్టు మోటారు చెప్పదు.

అసలు గొడవ మూడోది. నవంబరు ఆఖరుకు రావాల్సిన మిషను ఫిబ్రవరి 19న ఎందుకొచ్చింది? జీడిపూత జనవరిలోనే మొదలైంది, ముందు నిండిన పెట్టెల వాళ్లు ఏం చేయాలి?

జరిగింది ఇది. మూడు చోట్ల కొటేషన్లు తీసుకుని అక్టోబరు 9న ఆర్డరు పెట్టి 15,000 అడ్వాన్సు ఇచ్చాం. అడ్వాన్సు ఎందుకిచ్చారని అడుగుతున్నారు. మూడు చోట్లా అడ్వాన్సు లేనిదే పని మొదలుపెట్టమన్నారు. ఇది షాపులో పేర్చి ఉంచే సరుకు కాదు. డిసెంబరు 18న మిషను దిగింది. అందరం సంతోషించాం, ఒకరిద్దరు ఫొటోలు కూడా పంపుకున్నారు. మా కార్యవర్గంలో ఒకాయన పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం జేబులో వేసుకొచ్చాడు. 304 స్టీలుకి అయస్కాంతం అంటుకోదు. డ్రమ్ముకి పెడితే జారిపోయింది. లోపల బుట్టకి పెడితే టక్కున అంటుకుంది. నడిమి కడ్డీకీ అంతే. అతుకు దగ్గర గోరుతో గీకితే తెల్లటి పొడి రాలింది. బయట డ్రమ్ము స్టీలు, తేనె తగిలే బుట్ట జింకు పూత ఇనుము. ఫోను చేస్తే "అందరూ ఇలాగే వాడుతున్నారండీ, రెండు వేలు తగ్గించుకుని ఇవ్వండి" అన్నాడు అమ్మినవాడు.

అక్కడ మా ముందు రెండు దార్లున్నాయి. సరేనని ఉంచేసుకుంటే జీడిపూతకు మిషను చేతిలో ఉండేది, ఎవరూ అడిగేవారూ కాదు. వెనక్కి పంపితే సీజను మొదట్లో మిషను ఉండదు, మాటలు పడాలి. వెనక్కే పంపాం. తిరుగు కిరాయి, మళ్లీ పంపిన కిరాయి రెండూ వాడే పెట్టుకున్నాడు. లెక్కలో ఉన్న 2,350 మొదటిసారి వచ్చినప్పటిది. మిగిలిన 16,270 మాత్రం ఫిబ్రవరి 19న రెండో మిషను లోపలా బయటా చూసి, నీళ్లు పోసి తిప్పి, కారడం లేదని తేల్చుకున్నాకే ఇచ్చాం. అడ్వాన్సు పోతుందేమోనని ఆ రెండు నెలలు మాకున్న టెన్షన్ ఎవరూ అడగలేదు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయం. కావాల్సినవాళ్లు బిల్లు చూసుకోవచ్చు.

ఆ మధ్యలో కొందరు పట్టు పిండి తేనె తీసుకున్నారు. వాళ్లకు నష్టమే, కాదనం. పిండిన పట్టు మళ్లీ కట్టుకోవడానికి ఈగలు బోలెడు తేనె తినాలి, పూత అంతా ఆ పనికే పోతుంది. కానీ ఇది ఏటా ఉండే నష్టం కాదు. ఇనుప బుట్ట ఉంచుకుని ఉంటే అది ఏటా ఉండేది.

బుట్టల 3,600 సంగతి. ఇటాలియన్ ఈగలు పెంచేవాళ్లవి పెద్ద ఫ్రేములు, పుట్టతేనె ఈగలు పెంచేవాళ్లవి న్యూటన్ పెట్టెలు, వాటి ఫ్రేములు చిన్నవి. మిషను బుట్టలో చిన్న ఫ్రేము నిలబడదు, తిప్పితే మధ్యలోకి పడిపోతుంది. పుట్టతేనె ఈగల వాళ్లు 17 మంది ఉన్నారు, వాళ్లూ చందా కట్టారు. మిషను పెద్ద పెట్టెల వాళ్లకే అంటే ఏం న్యాయం? అందుకని లోపల దిగేలా స్టీలు చువ్వలతో విడి బుట్టలు చేయించాం. చేసిన లేత్ షాపు ఆయన మా కోశాధికారి గారికి బాబాయి వరస అవుతారు. ఈ మాట మీరు చెప్పుకోనక్కర్లేదు, మేమే చెబుతున్నాం. ఇంకో రెండు షాపుల్లో అడిగితే 4,200, 4,500 అన్నారు. ఆ చీటీలు ఫైల్లో ఉన్నాయి. తక్కువకు చేసినవాడు చుట్టమైతే ఎక్కువ ఇచ్చి పరాయివాడి దగ్గర చేయించుకోవాలా?

సబ్సిడీ ఎందుకు తేలేదన్నది ఇంకొకటి. కేంద్రం 2020లో 500 కోట్లతో జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ అనే పథకం ప్రకటించింది, ఖాదీ కమిషన్ వాళ్ల హనీ మిషన్ పథకం అంతకుముందు నుంచే ఉంది, నిజమే. దరఖాస్తు కాగితాలు తయారుచేస్తున్నాం. కాగితాలు అయ్యేదాకా పూత ఆగదు కాబట్టి చందాలతో కొన్నాం.

రోజుకు 200 రుసుము మీద కూడా సణుగుడు ఉంది. "విరాళం ఇచ్చినవాళ్లకు కూడానా?" అంటున్నారు. అవును, వాళ్లకు కూడా. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ జబ్బు వచ్చి దక్షిణాదిలో పుట్టతేనె ఈగల పెట్టెల్ని ఊడ్చేసిన సంగతి మన పెద్దవాళ్లకు గుర్తుంది. పురుగు దశలోనే ఈగ పిల్లలు సంచిలా ఉబ్బి చచ్చిపోతాయి. ఒకరి పెట్టెల నుంచి ఇంకొకరి పెట్టెలకు వెళ్లే సామాను కడక్కపోతే ఇలాంటివి పాకే దారి మనమే వేసినట్టు. ఆ 200లో 100 కడిగే మనిషికి దాచిపెట్టాలని తీర్మానం. ఇప్పటిదాకా మేమే కడిగాం కాబట్టి ఖర్చులో కనిపించదు. దయచేసి మిషను తిరిగి ఇచ్చేటప్పుడు ముందు చన్నీళ్లతో కడగండి. మొదటే వేడినీళ్లు పోస్తే మైనం కరిగి గోడలకు పట్టేస్తుంది, దాన్ని గీకలేక మా ప్రాణం పోతోంది.

చదువు, శిక్షణ ఖర్చు:

ఋతువుల వారీ పనుల పుస్తకం, 60 కాపీలు × 55 – రూ. 3,300
కొన్న పుస్తకాలు – రూ. 2,860
పాత బీరువా – రూ. 3,500
అద్దాల పెట్టె – రూ. 4,200
రెండు రోజుల శిక్షణ – రూ. 20,680
మొత్తం – రూ. 34,540

శిక్షణలో వచ్చిన నిపుణుడి ప్రయాణం, గౌరవ వేతనం 6,000. షామియానా, కుర్చీలు 2,200. మిగతా 12,480 భోజనాలు. "తేనెటీగల సంఘమా, అన్నదాన సంఘమా" అని ఒక జోకు తిరుగుతోంది. రోజుకు 52 మంది, రెండు రోజులకు 104 విస్తళ్లు, విస్తరికి 120. పప్పు, వంకాయ కూర, సాంబారు, మజ్జిగ. కోడికూర లేదని అలిగినవాళ్లూ ఉన్నారు. ఆగస్టులో పెట్టాం కాబట్టి తేనె పని లేని రోజులు. బుట్టాయగూడెం వైపు నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చినవాళ్లను మధ్యాహ్నం హోటలు చూసుకోమనలేం. సభ్యులు కానివాళ్లు 11 మంది తిన్నారు, అందులో ఆరుగురు తర్వాత సభ్యులయ్యారు. మిగతా అయిదుగురివి సంఘం ఖాతాలోనే.

అద్దాల పెట్టెను ఎవరూ తప్పుపట్టలేదు. పెట్టె తెరవకుండా రాణి ఈగ గుడ్డు పెట్టడం కళ్లతో చూడాలంటే అదే దారి. చూశాక నల్లగుడ్డ కప్పాలి. వెలుతురు తగిలితే ఈగలు కంగారుపడతాయి. బడికి తీసుకెళ్లిన రోజు పిల్లలు బుద్ధిగా కప్పారు, పెద్దవాళ్లే మర్చిపోతున్నారు.

మొత్తం ఖర్చు – రూ. 1,07,795
నిల్వ – రూ. 43,982 (బ్యాంకులో 42,132, చేతిలో 1,850)

ఇంత నిల్వ ఉండగా బాకీలు ఎందుకు అడుగుతున్నారంటే, ఇందులో 25,000 అచ్చు మిషనుది. సంఘం వాడుకోగలిగింది 18,982. గది అద్దె కిందే ఏడాదికి 9,600 పోతుంది. ఆ తొమ్మిది మంది బాకీ వస్తే రెండో సెట్టు జల్లెడలు, డ్రమ్ములు కొనొచ్చు. మార్చిలో ఒకే రోజు ఇద్దరికి వంతు కుదరక గొడవపడ్డారు కదా, ఆ అవసరం ఉండదు.

ఊరికే శిక్షణ హాలు ఇచ్చిన పంచాయతీ పెద్దలకు, మిషను దింపడానికి వచ్చిన కుర్రాళ్లకు, మైనం సంఘానికి వదిలేసినవాళ్లకు, అడగకుండానే రెండు విడతలు చందా ఇచ్చిన ఇద్దరు మహిళా సభ్యులకు కృతజ్ఞతలు.

బిల్లులు, ఓచర్లు, బ్యాంకు పుస్తకం, కొటేషన్లు, మినిట్స్ అన్నీ ఆదివారం ఉదయం 10 నుంచి 12 దాకా సంఘం గదిలో ఉంటాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, ఫొటో తీసుకోవచ్చు. వచ్చేటప్పుడు బీరువాలోంచి తీసుకెళ్లిన నాలుగు పుస్తకాలు, ఒక పెట్టె ఉలి ఎవరి దగ్గరున్నాయో వాళ్లు వెంట తెచ్చివ్వండి.

– కార్యవర్గం