పాతపాటల డాన్స్ సాయంత్రం: జమా ఖర్చుల వివరణ

పిల్లల ఆసుపత్రి కోసం జరిపిన '1950ల హైదరాబాద్' డాన్స్ సాయంత్రానికి వచ్చిన వారికి, రాలేకపోయినా చందా పంపిన వారికి కమిటీ తరఫున నమస్కారం. లెక్కలు ఎందుకు చెప్పడం లేదని కొందరు అడుగుతున్నారు. అడగవలసిందే, డబ్బు మీది. వచ్చిన డబ్బుతో కొన్న సిరంజి పంపులు (మందును కొలిచి మెల్లగా ఎక్కించే యంత్రాలు) ఆసుపత్రికి చేరి, చివరి బిల్లు చేతికొచ్చాక రాద్దామని ఆగాం.

జమ: టికెట్లు 318, ఒక్కోటి 800 చొప్పున రూ. 2,54,400. చందాలు రూ. 1,85,000. చాయ్, ఉస్మానియా బిస్కెట్ల స్టాలు, ఫొటో స్టాలు కలిపి రూ. 31,600. మొత్తం రూ. 4,71,000.

ఖర్చు: హాలు, కరెంటు, శుభ్రతకు రూ. 62,000. ఆర్కెస్ట్రాకు రూ. 45,000. మైకులు, లైట్లు రూ. 28,000. అలంకరణ రూ. 11,300. టికెట్లు, పోస్టర్ల అచ్చు రూ. 6,500. భోజనాల ఖర్చంతా ఒక సభ్యులు భరించారు. పేరు చెప్పవద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు, వారికి రుణపడి ఉన్నాం. చెక్క ఫ్లోరు అద్దె రూ. 24,000. డాన్సు జరిగింది హాలు లాన్‌లో, గడ్డి మీద. ఆనాటి వేషాలకు తగ్గట్టు తోలు బూట్లు వేసుకుని వచ్చినవారిలో అరవై దాటినవాళ్లు చాలామంది. ఎవరైనా జారిపడితే ఆ బాధ ఎవరిది?

అన్నింటికంటే ఎక్కువ మాట వచ్చింది పాటల లైసెన్సుకు కట్టిన రూ. 21,500 మీద. 'అంత పాత పాటలకు కూడా లైసెన్సా? ధర్మకార్యానికి మినహాయింపు ఉండదా?' అన్నారు. కట్టే ముందే వకీలును అడిగి తెలుసుకున్నాం. రికార్డు మీద హక్కు అది విడుదలైన 60 ఏళ్లకు తీరిపోతుంది. అందుకే విరామంలో గ్రామఫోన్ మీద వేసిన 1950ల రికార్డుల కోసం ఏ రికార్డు కంపెనీకీ పైసా కట్టలేదు. పాట మాటల మీద, బాణీ మీద ఉండే హక్కు వేరు. రాసినవారు, బాణీ కట్టినవారు పోయాక కూడా అది 60 ఏళ్లు ఉంటుంది. ఘంటసాల గారు 1974లో కన్నుమూశారు, ఆయన బాణీల మీద హక్కు 2034 చివరిదాకా ఉంటుంది. చట్టంలో మినహాయింపు ఉన్నమాట నిజమే. ఔత్సాహికులు టికెట్టు లేకుండా పాడినా, మత సంస్థ మేలు కోసం పాడినా అది వర్తిస్తుంది. మనం టికెట్టు పెట్టాం, డబ్బు ఆసుపత్రికి ఇచ్చాం, ఆర్కెస్ట్రా వాళ్లకు పారితోషికం ఇచ్చాం. ఎటు చూసినా మినహాయింపు రాదు. 'ఎవరు చూడొచ్చారు, వదిలేయండి' అన్న సలహా కూడా వచ్చింది. పిల్లల పేరు చెప్పి వసూలు చేసి, ఆ పాటలు రాసినవారికి రావలసింది ఎగ్గొట్టడానికి మాకు మనసొప్పలేదు. రాత్రి 10కి పాట ఆపేశారని కోపగించుకున్నవారికీ ఇదే జవాబు. ఆ తర్వాత బయట మైకు పెట్టకూడదన్నది నిబంధన, డాన్సు లాన్‌లో జరిగింది.

మొత్తం ఖర్చు రూ. 1,98,300. మిగిలింది రూ. 2,72,700.

చెక్కు ఇచ్చేస్తే పోయేదానికి ఇన్నాళ్లు ఎందుకు పట్టిందని అడిగారు. డబ్బు కంటే సిరంజి పంపులు ఎక్కువ ఉపయోగమని డాక్టర్లు చెప్పారు. నెలల బిడ్డకు గంటకు ఒకటి రెండు మిల్లీలీటర్ల మందు ఎక్కించాలంటే చేత్తో అంత కచ్చితంగా కుదరదు, పంపు కావాలి. మూడు చోట్ల కొటేషన్లు తీసుకున్నాం. అన్నింటికన్నా తక్కువ ధర చెప్పినచోట కొనలేదు, ఎందుకంటే పాడైతే బాగుచేసే మనిషి హైదరాబాద్‌లో లేడు. మూలన పడే పంపు చవగ్గా వచ్చి ఏం లాభం? రూ. 36,500 చొప్పున ఏడు కొన్నాం, రూ. 2,55,500 అయింది. ఏడూ వార్డులో పనిచేస్తున్నాయి. ఖాతాలో రూ. 17,200 ఉంది.

తొమ్మిది కొనాలనుకున్నాం. వేదిక మీద మైకు పట్టుకుని ప్రకటించిన చందాల్లో రూ. 92,000 ఇంకా రాలేదు. ప్రకటించినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. ఫోన్ చేస్తే 'వచ్చే వారం' అంటున్నారు, కొందరు ఎత్తడమే లేదు. వారి పేర్లు ఇక్కడ రాయడం లేదు. సగం వచ్చినా ఖాతాలో ఉన్నదానితో కలిపి ఎనిమిదో పంపు వెంటనే కొనేస్తాం.

నగదుగా రూ. 2,000 మించి ఇస్తే పన్ను మినహాయింపు ఎటూ రాదు కాబట్టి, ఇవ్వవలసినవారు దయచేసి బ్యాంకు ఖాతాలోకే పంపండి. రసీదు అదే రోజు ఇస్తాం. బిల్లులు, పంపులు అందాయని ఆసుపత్రి ఇచ్చిన కాగితం కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఆదివారం ఉదయం ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.