రెండో ప్రశ్నకు చోటివ్వండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పోయిన నెల మీరు సామాజిక మాధ్యమంలో గంటసేపు ప్రజల ప్రశ్నలకు ప్రత్యక్షంగా జవాబులిచ్చారు. అడిగినవారిలో నేనూ ఉన్నాను. మా అమ్మాయికి పుట్టుకతోనే వినికిడి లోపం. ప్రభుత్వం ఇచ్చిన వినికిడి యంత్రంతోనే మాటలు నేర్చుకుంది. ఆ యంత్రం పాడైతే ఎవరు బాగుచేయాలి, అది బాగయ్యేదాకా పిల్ల బడిలో పాఠం ఎలా వినాలి అని అడిగాను. రెండే వాక్యాలు. ఎక్కడైనా మాట తూలిందేమోనని పంపే ముందు నాలుగుసార్లు చదువుకున్నాను.

మీరు దాన్ని పైకి చదివారు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం అబద్ధం కాదు. "మంచి ప్రశ్న" అన్నారు. ఈ ఏడాది యంత్రాల పంపిణీ లక్ష్యం పూర్తయిందని చెప్పి తరువాతి ప్రశ్నకు వెళ్లారు. పంపిణీ సంగతి నాకు తెలుసు. యంత్రం మా ఇంట్లోనే ఉంది, పనిచేయకుండా. "అయ్యా, నేను అడిగింది మరమ్మతు గురించి" అని వెంటనే రాశాను. తెర మీద తేలిపోతున్న హృదయం గుర్తుల మధ్య ఆ మాట ఒక్క క్షణం కనిపించింది. ఈలోగా అభినందనలు, జిందాబాద్‌లు వచ్చి దాన్ని పైకి తోసేశాయి. మర్నాడు మీ కార్యాలయం విడుదల చేసిన జాబితాలో నా ప్రశ్న పక్కన "జవాబు ఇవ్వడమైనది" అని ఉంది.

ఆ రెండు మాటలు చదివాకే ఈ లేఖ రాయాలనిపించింది.

చట్టసభలో ప్రశ్నోత్తరాల సమయం ఎలా నడుస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మొదటి జవాబును అధికారులు ముందే రాసిస్తారు. ఆ కాగితం ఎవరైనా చదవగలరు. మంత్రికి విషయం తెలుసా లేదా అన్నది సభ్యుడు లేచి అనుబంధ ప్రశ్న వేసినప్పుడే తేలుతుంది. సభలో మీరూ ఎన్నోసార్లు అలా లేచి ఉంటారు. మీకు అక్కడ ఉన్న ఆ అవకాశం మాకు ఇక్కడ లేదు. ఒక ప్రశ్న, ఒక జవాబు, అంతటితో సరి. దీన్ని ముఖాముఖి అని పిలుస్తున్నాం.

బ్రిటన్ పార్లమెంటు వెబ్‌సైట్‌లో పౌరులు పెట్టే వినతికి 10,000 సంతకాలు వస్తే ప్రభుత్వం రాతపూర్వకంగా జవాబిస్తుంది. 1,00,000 దాటితే చర్చకు పరిశీలిస్తారు. అందరూ ఈ అంకెల గురించే మాట్లాడతారు గానీ, నాకు అంతకన్నా విలువైనదిగా కనిపించిన ఏర్పాటు మరొకటి ఉంది. ప్రభుత్వం ఇచ్చిన జవాబు అడిగిన విషయానికి సూటిగా లేదనిపిస్తే, ఆ వినతులను చూసే పార్లమెంటు కమిటీ మళ్లీ రాయమని అడగగలదు. అలా అడిగి తెప్పించిన సందర్భాలున్నాయి. మొదటి జవాబు సూటిగా లేనందువల్లే కొత్తది తెప్పించామని ఆ పేజీలోనే రాసి ఉంచుతారు కూడా.

ప్రశ్నలు వేలల్లో వస్తాయి, వాటిలో తిట్లే ఎక్కువ అని మీ సిబ్బంది అనవచ్చు. నిజమే. ముఖ్యంగా మహిళా నాయకుల పేజీల కింద కనిపించే రాతలు చదివితే తల దించుకోవాలనిపిస్తుంది. దానికీ దారులున్నాయి. 2015లో తైవాన్‌లో ఉబర్ టాక్సీల వివాదంపై ప్రజాభిప్రాయం తీసుకున్నప్పుడు పోలిస్ (Pol.is) అనే ఆన్‌లైన్ సాధనం వాడారు. అందులో ఒకరి మాట కింద ఇంకొకరు బదులు రాసే వీలే లేదు. ఒప్పుకుంటాను, ఒప్పుకోను, వదిలేస్తాను అని గుర్తు పెట్టడమే. కొత్త మాట చెప్పాలంటే విడిగా రాయాలి. తిట్టుకునే చోటే లేకపోయేసరికి, భిన్నాభిప్రాయాల వారు కూడా కలిసి ఒప్పుకునే అంశాలు బయటికి కనిపించాయి. మీ జవాబుల కిందా "ఇది సరిపోలేదు" అనే గుర్తు ఒకటి ఉంచండి. ఎక్కువమంది ఆ గుర్తు పెట్టిన జవాబులనే మళ్లీ తీసుకోండి. వేలు పదులవుతాయి.

మీ పేజీలో నన్ను ఎవరూ అడ్డుకోలేదని కూడా చెప్పాలి. అధికారులు పౌరులను బ్లాక్ చేయడం, వారి వ్యాఖ్యలు తొలగించడం ఎప్పుడు ప్రభుత్వ చర్య అవుతుందన్న దానిపై అమెరికా సుప్రీంకోర్టు 2024 మార్చిలో తీర్పే ఇచ్చింది. నోరు నొక్కితే ఫిర్యాదు చేయడానికి అలా ఒక చోటుంటుంది. ఒకటి అడిగితే మరొకటి చెప్పినప్పుడు ఎక్కడికి వెళ్లాలి?

నేను కోరేది చాలా చిన్నది. వచ్చే కార్యక్రమంలో చివరి పావుగంట అనుబంధ ప్రశ్నలకే కేటాయించండి. "జవాబు అందింది" అనే గుర్తును మీ కార్యాలయం కాకుండా అడిగిన మనిషే పెట్టేలా చూడండి. మీకు తెలియని విషయమైతే తెలియదనే చెప్పండి, ఫలానా తేదీలోగా కనుక్కుని చెబుతాననండి. మేం ఆగుతాం.

ఇక నా రెండో ప్రశ్న. యంత్రం సొరుగులో ఉంది. మా అమ్మాయి ముందు వరుసలో కూర్చుని టీచరు పెదవుల కదలికను చూస్తూ పాఠం పోల్చుకుంటోంది. టీచరు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ఆమెకు పాఠం ఆగిపోతోంది. ఆ యంత్రాన్ని ఎవరు బాగుచేస్తారు, ఎన్ని రోజుల్లో?

ఇట్లు,
మీ జాబితాలో జవాబు అందినట్లు నమోదైన ఒక తల్లి