మన ఇంటికి కుక్కనా, పిల్లినా

వార్సా,
అక్టోబరు 12

చిరంజీవి చెల్లెకు,

అన్న ఆశీస్సులు. నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. బాపు, అమ్మ, నువ్వు కూడా క్షేమమని తలుస్తాను.

నీ స్వభావానికి ఏ పెంపుడు జంతువు సరిపోతుందో చెప్పే ఫోన్ పరీక్షలో నీకు పిల్లి వచ్చిందని, నీ స్నేహితురాలికీ అదే వచ్చిందని రాశావు. మీ ఇద్దరి జవాబులు చూశాను. రోజూ ఎంత సమయం ఇవ్వగలవు, ఎంత అల్లరిని ఓర్చుకోగలవు, ఎంత ఆప్యాయత కోరుకుంటావు అన్న మూడు ప్రశ్నలకు నువ్వు వరుసగా 1, 2, 5 వేసుకున్నావు. ఆమె 5, 2, 1 వేసుకుంది. ఆ పరీక్ష ఎవరి అంకెలను వాళ్లకు కూడి, ఇద్దరికీ ఎనిమిదే అనుకుంది, ఇద్దరికీ పిల్లినే ఇచ్చింది. కూడితే వరుస మాయమవుతుంది. సమయం దండిగా ఉండి ఆప్యాయతను అంతగా ఆశించని మనిషి, సమయమే లేక ఆప్యాయత కోసం తపించే మనిషి ఒకటెట్లా అవుతారు?

సమితిలో, అంటే కొన్నింటిని చేర్చిన గుంపులో, ఏది ముందు, ఏది వెనుక అన్న పట్టింపు లేదని, వరుస తప్పని జంట అయిన క్రమయుగ్మంలో మాత్రం (2, 3) వేరు, (3, 2) వేరని నువ్వు బడిలోనే చదువుకున్నావు. మన బతుకమ్మ తొమ్మిది రోజులనే చూడు. ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగిసే ఆ వరుసలో ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు. అయినా ఆ ఖాళీ స్థానాన్ని తీసేసి ఏడో రోజును ముందుకు జరపలేము. వరుసలో చోటుకు కూడా అర్థం ఉంటుంది.

నేనుంటున్న ఈ ఊరివాడైన కురతోవ్‌స్కీ అనే గణితవేత్త, వరుస తెలియని సమితులతోనే వరుసను ఎలా చెప్పవచ్చో 1921లో చూపించాడు. అ, ఆ అనే రెండింటిలో అ ముందుండాలంటే, అ ఒక్కటే ఉన్న సమితిని, అ, ఆ రెండూ ఉన్న సమితిని విడివిడిగానే ఒక పెద్ద సమితిలో ఉంచాలి. ఒంటరిగా కనిపించినదే మొదటిది. ఇది చదివిన రోజు నాకు మన కుక్కపిల్ల గుర్తుకొచ్చి చాలాసేపు మనసు బాగాలేదు. ఇంటర్‌లో ఉండగా దాన్ని తెచ్చినప్పుడు నా మనసులో ప్రేమ, బాధ్యత, సమయం మూడూ ఉన్నాయని నమ్మాను, అవి నిజంగానే ఉన్నాయి కూడా. కానీ ఒక్కదాన్నే ఒంటరిగా నిలబెట్టమంటే నేను నిలబెట్టేది ప్రేమనే, సమయం చివరన ఉండేది. తెల్లవారుజామున దాన్ని తిప్పడం, ఎండాకాలం నీళ్లగిన్నె నింపడం అన్నీ అమ్మ మీద పడ్డాయి. అందుకు నేను అమ్మకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

స్వభావానికి, జంతువుకు సంబంధమే లేదని నేననను. టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ గాస్లింగ్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, తమను కుక్కల ప్రియులుగా చెప్పుకున్నవారిలో కలుపుగోలుతనం, సామరస్యం, క్రమశిక్షణ సగటున ఎక్కువగా, పిల్లుల ప్రియులుగా చెప్పుకున్నవారిలో కొత్త ఆలోచనల పట్ల ఆసక్తి, ఆందోళన ఎక్కువగా కనిపించాయి. వాళ్లు అయిదు గుణాలను అయిదు చోట్ల విడిగానే ఉంచారు, కూడి ఒకే అంకె చేయలేదు. పైగా అవి గుంపుల సగటులు; నువ్వు ఏది పెంచాలో అవి చెప్పవు.

ఇక మన ఇంటి సంగతి. బాపు వరుస కుక్క, పిల్లి, చేపలు. నీది పిల్లి, చేపలు, కుక్క. అమ్మది చేపలు, కుక్క, పిల్లి. ముగ్గురిలో ఇద్దరి మాట చెల్లాలంటే పిల్లి కంటే కుక్క మేలు, చేపల కంటే పిల్లి మేలు, కుక్క కంటే చేపలు మేలు అని తేలి, తిరిగి మొదటికే వస్తాము. ఈ చిక్కును ఫ్రాన్సులో కాండోర్సే అనే గణితవేత్త 1785లోనే చూపించాడు. ఎవరి వరుసలోనూ తప్పు లేదు. మూడింటినీ కలిపినప్పుడే వరుస నిలవడం లేదు. కాబట్టి చేతులెత్తి లెక్కపెట్టకండి. అమ్మ మొదట అడిగిన రామచిలుకను మాత్రం ఎవరూ తీసుకురావద్దు, దాన్ని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

బాపుకు కాజీపేటలో రాత్రి డ్యూటీలు, నీకు పొద్దంతా కాలేజీ. హనుమకొండ ఎండల్లో కుక్కను తిప్పాలంటే సూర్యోదయానికి ముందే లేవాలి, ఏప్రిల్, మే నెలల్లో పొద్దెక్కితే రోడ్డు మీద దాని పాదాలు కాలుతాయి. ఆ వేళకు నువ్వు నెల రోజులు వరుసగా లేచి, వడ్డేపల్లి చెరువు కట్ట వరకు నడిచి రా. ఆ నెల తరువాత మూడు ప్రశ్నలకు మళ్లీ జవాబులు రాసి, కూడకుండా, అదే వరుసలో నాకు పంపు. అప్పటిదాకా ఏ జంతువునూ ఇంటికి తేవద్దని బాపుకు కూడా నా మాటగా చెప్పు.

అమ్మకు, బాపుకు నా నమస్కారాలు.

ఇట్లు,
నీ అన్న