మా అమ్మకూ నాకూ తోడు నిలిచిన మా వీధివారికి కృతజ్ఞతలు

రాజమహేంద్రవరంలోని మా వీధివారందరికీ నమస్కారం. కిందటి వినాయక చవితి వెళ్లిన వారానికి స్నానాల గదిలో జారిపడి, తుంటి ఎముక విరిగి మంచం పట్టిన ఎనభై రెండేళ్ల మా అమ్మ, మొన్న భోగి నాడు వాకరు పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిచి వచ్చి భోగిమంట చూసింది. ఆ పది అడుగుల వెనుక ఎంతమంది శ్రమ ఉన్నదో నాకు తెలుసు. ఎదురుపడినప్పుడు ఒక్కొక్కరికి ఒక ముక్క చెప్పి ఊరుకోవడానికి మనసొప్పక ఇది రాస్తున్నాను.

అమ్మకు నాలుగేళ్లుగా డిమెన్షియా, అంటే జ్ఞాపకమూ ఆలోచనా క్రమంగా తగ్గిపోయే జబ్బు, ఉన్న సంగతి మీకందరికీ తెలిసినదే. మొదట్లో మేము దానిని వయసుతో వచ్చే మతిమరుపే అనుకున్నాము. పొద్దు వాలేసరికి కొంగు సర్దుకుని, చేతిసంచీ తీసుకుని "ఇంటికి పోదాం పదవే" అని ఆమె మొదలుపెట్టేది. ఇదే మన ఇల్లని నేను, కాదని ఆమె వాదించుకుని, చివరకు ఇద్దరమూ ఏడుస్తూ కూర్చునేవాళ్లం. ఆమె అడుగుతున్నది గోదావరికి ఆవలి ఒడ్డున, కొవ్వూరులో ఉన్న పుట్టింటిని గురించి అని కనిపెట్టినవాడు ఎదురింట్లో ఉండే ఆటో తమ్ముడు. ఒక సాయంత్రం ఆమెను ఎక్కించుకుని పుష్కర ఘాట్ దాకా తీసుకువెళ్లి, "మామ్మగారూ, ఆఖరి లాంచీ వెళ్లిపోయిందండీ, రేపు పొద్దున్నే వెళ్దాం" అన్నాడు. ఆమె వెంటనే "సరే, పద" అని వెనక్కు తిరిగింది. రోడ్డు-రైలు వంతెన వచ్చినది 1974లో. అంతకు ముందటి లాంచీల కాలంలోనే అమ్మ ఇంకా ఉన్నదని, ఆ వంతెన కట్టిన చాలా ఏళ్లకు పుట్టిన ఆ అబ్బాయికి ఎలా తోచిందో నేను ఇప్పటికీ అడగలేదు.

ఆపరేషను చేసిన ఆసుపత్రి పేరు చెప్పను. ఎముకను చక్కగానే అతికించారు. అయితే ఇంటికి వచ్చేనాటికి అమ్మ నడుము కింద చర్మం కమిలి, వేలితో నొక్కినా ఎరుపు పోకుండా ఉంది. అక్కడ అడిగితే "ఈ వయసులో ఇవన్నీ మామూలే" అన్నారు. మామూలు కాదనీ, అది పడక పుండుకు మొదటి మెట్టు అనీ చెప్పినవారు మన వీధి చివర ఉండే రిటైరైన నర్సు అక్కయ్యగారు. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, తిప్పినప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టడం, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద మెత్త ఉంచడం, ఎర్రబడిన చోట రుద్దకపోవడం, స్పిరిట్ రాయకపోవడం ఆమె నా చేత దగ్గరుండి చేయించి నేర్పారు. పాత క్యాలెండరు వెనుక గంటలు రాసి గోడకు అంటించి, ఏ గంటకు ఎటు తిప్పామో గీత పెట్టమన్నారు. మూడు వారాలకు ఆ ఎరుపు పోయింది.

ఆ మూడు వారాలలోనే నేను అమ్మ మీద గట్టిగా అరిచాను. రాత్రి రెండు గంటలకు, ఎవరికి చెప్పుకోవాలో తెలియక, మానసిక ఆరోగ్య సాయం కోసం 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేశాను. అవతలి గొంతు తెలుగులో అమ్మ గురించి రెండు మాటలు విని, "మీరు ఆపకుండా నాలుగు గంటలు నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. మరునాడే అమెరికాలోని అన్నయ్యకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అప్పటిదాకా ఫోనులో సలహాలిచ్చిన అన్నయ్య సెలవు పెట్టి వచ్చి, మూడు వారాల పాటు రాత్రి కాపలా అంతా తానే చూసుకున్నాడు. సరస్వతి ఆకు రసం పట్టమన్నవారినీ, గుడిమెట్లు కడగమన్నవారినీ నేను తప్పు పట్టను గాని, ఒక పూట వచ్చి కూర్చుని నన్ను పడుకోనిచ్చిన పక్కింటి పిన్నిగారి సాయానికి అవేవీ సాటి రావు. చివరి పీరియడ్లు తాము తీసుకుని నన్ను ముందే ఇంటికి పంపిన మా బడి ఉపాధ్యాయులకు కూడా నేను రుణపడి ఉన్నాను.

పోస్టుమ్యాన్ గారిని మరువలేను. నాన్నగారు రైల్వేలో పనిచేసినందువల్ల అమ్మకు కుటుంబ పింఛను వస్తుంది, దానికి ఏటా, బతికే ఉన్నట్టు జీవన ధ్రువీకరణ ఇవ్వాలి. అరిగిపోయిన వేలిముద్రలను ఆయన తెచ్చిన యంత్రం పట్టలేదు. ముఖం చూపించి కళ్లు ఆర్పమంటే, ఫొటో తీస్తున్నారనుకుని తల దువ్వందే కుదరదని అమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. ఆయన విసుగు చూపకుండా మూడు రోజులు వచ్చారు. మూడోనాడు ఆయనే దువ్వెన అందించి, దువ్వడం అయ్యేదాకా మంచం పక్కన నిలబడ్డారు.

నిన్నటి నుంచి అమ్మ మళ్లీ ఆటో ఎక్కుతున్నది. ఆటో తమ్ముడు కిరాయి ఎన్నడూ తీసుకోడు, కాని అమ్మ ఊరికే ఎక్కే మనిషి కాదు, దిగగానే సంచీలోంచి ఒక పావలా తీసి అతని చేతిలో పెడుతుంది. పావలా 2011లోనే చెల్లకుండా పోయింది. అతను దానిని కళ్లకద్దుకుని జేబులో వేసుకుంటాడు, ఆమె లోపలికి వెళ్లాక నాకు తిరిగి ఇస్తాడు. మరునాటి లాంచీ కోసం నేను దానిని మళ్లీ సంచీలో వేస్తాను.