సేవ్ కాని ల్యాబ్ రిపోర్టుకు ‘ఏఏ’ జవాబు: మీ ఇంటర్‌ఫేస్‌పై ఫిర్యాదు

సపోర్ట్ విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

మా ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌ను మీ హెచ్ఐఎస్‌తో (ఆసుపత్రి సమాచార వ్యవస్థ) కలిపే హెచ్ఎల్7 (వైద్య సాఫ్ట్‌వేర్‌లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ప్రమాణం) ఇంటర్‌ఫేస్‌లో కొన్ని రిపోర్టులు జాడ లేకుండా పోతున్నాయి. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ “నెట్‌వర్క్ సమస్య” అని రాసి టికెట్ మూసేస్తున్నారు. నెట్‌వర్క్ తెగితే అసలు జవాబే రాదు కదా! జతచేసిన లాగ్‌లలో ప్రతి మెసేజ్‌కూ మీ జవాబు ఉంది.

తప్పంతా ఆ జవాబులోనే ఉంది. రిపోర్టును తెచ్చే ఓఆర్‌యూ మెసేజ్ చేరిన వెంటనే మీ సర్వర్ ‘ఏఏ’ (అంగీకరించాం) పంపేసి, డేటాబేస్‌లో రాయడం తర్వాత మొదలుపెడుతోంది. మెసేజ్‌లోని పీఐడీ-3 ఫీల్డులో ఉన్న యూహెచ్ఐడీ (రోగి గుర్తింపు సంఖ్య) మీ దగ్గర దొరక్కపోయినా, ఓబీఎక్స్-3 ఫీల్డులో ఉన్న టెస్ట్ కోడ్‌కు మ్యాపింగ్ (మీ కోడ్‌తో జత) లేకపోయినా రిపోర్టు అక్కడే ఆగిపోతుంది. ‘ఏఏ’ వచ్చేసింది కాబట్టి మా క్యూ దాన్ని తీసేస్తుంది, మళ్లీ పంపదు. ల్యాబ్‌లో చూస్తే “పంపాం”, వార్డులో చూస్తే “పెండింగ్”. రికార్డు సేవ్ అయ్యాకే ‘ఏఏ’ ఇవ్వండి. కాకపోతే ‘ఏఈ’ (లోపం ఉంది) ఇచ్చి, ఏ ఫీల్డులో తేడా వచ్చిందో జవాబులో లోపాల వివరాలుండే ఈఆర్ఆర్ సెగ్మెంట్‌లో చెప్పండి. మేం తిరిగి పంపినప్పుడు ఒకే రిపోర్టు రెండుసార్లు ఎక్కకుండా ఎంఎస్‌హెచ్-10 ఫీల్డులోని కంట్రోల్ ఐడీ (మెసేజ్ గుర్తింపు సంఖ్య) సరిచూడండి.

ప్లేట్‌లెట్ల సంగతి ఇంకా ప్రమాదకరం. మా ఎనలైజర్ మైక్రోలీటరుకు వేలల్లో లెక్కిస్తుంది, ఆ యూనిట్‌ను ఓబీఎక్స్-6లో పంపుతుంది. మీ స్క్రీన్ దాన్ని చదవకుండా, టెంప్లేట్‌లో ఉన్న “లక్షలు” అనే మాటను అంకె పక్కన పెడుతోంది. 150 లక్షలు అని కనబడితే ఎవరైనా అనుమానిస్తారు. కానీ 2 వేలకు పడిపోయిన రోగికి “2 లక్షలు” అని కనబడితే? అది నార్మల్ అంకె, ఎవరికీ అనుమానం రాదు.

సవరించిన రిపోర్టులదీ ఇదే తీరు. రిపోర్టు స్థితిని చెప్పే ఓబీఎక్స్-11లో ‘సి’ (సవరించినది) వస్తే పాత ‘ఎఫ్’ (తుది) విలువ స్థానంలో కొత్తది కనబడాలి. మీరు రెండూ ఉంచి, ప్రింటులో పాతదే ఇస్తున్నారు. శాంపిల్ హీమోలైజ్ అయిందని (ఎర్ర రక్తకణాలు పగిలాయని) ల్యాబ్ సవరించిన పొటాషియం కూడా డాక్టరుకు పాత అంకెతోనే చేరుతోంది.

ఈ మార్పులను నేరుగా లైవ్‌లో పెట్టకండి. తెలియని యూహెచ్ఐడీ, మ్యాపింగ్ లేని కోడ్, ఒకే కంట్రోల్ ఐడీ రెండుసార్లు, ‘సి’ రిపోర్టు, 2 వేల ప్లేట్‌లెట్లు: వీటన్నిటినీ టెస్ట్ సర్వర్‌లో మా ఎదుట నడిపి చూపాలి. ‘ఏఏ’ ఇచ్చి కూడా సేవ్ చేయని పాత మెసేజ్‌ల జాబితా ముందుగా, రాతపూర్వకంగా కావాలి. అవి పరిష్కారమయ్యేదాకా క్రిటికల్ విలువలు వార్డులకు ఫోన్‌లోనే చెబుతాం, మీ నిర్వహణ బిల్లు ఆపి ఉంచుతాం.

ఇట్లు,
ల్యాబ్, ఐటీ విభాగాలు

జత: ఇంటర్‌ఫేస్ లాగ్‌లు, స్క్రీన్‌షాట్లు (రోగుల వివరాలు తొలగించినవి)