సాయంత్రానికి ఇల్లు చేరని చదువు కావాలి: విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో అర్థశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఉండేది కోనసీమలో. ఉద్యోగంలో ఉన్న చివరి సంవత్సరాల్లో విద్యార్థుల సమాజ సేవా ప్రాజెక్టు నివేదికలు వందల కొద్దీ దిద్దాను. వాటిలో ఒకదాన్ని మాత్రం మరచిపోలేకపోతున్నాను.

గోదావరి పాయకు కూతవేటు దూరంలో ఉన్న తన ఊరి గురించి ఒక అబ్బాయి రాశాడు: ఈ గ్రామంలో ప్రధాన పంట వేరుశనగ, ప్రధాన సమస్య బోర్లు ఎండిపోవడం! రంగు అట్ట, స్పైరల్ బైండింగ్, సంతకాలు, ముద్రలు అన్నీ సక్రమంగా ఉన్నాయి. పిలిచి అడిగితే కాసేపు నీళ్లు నమిలి, జిరాక్సు దుకాణంలో కొన్నానని ఒప్పుకున్నాడు. దుకాణదారు ఊరి పేరు మార్చాడు, పంట పేరు మార్చడం మరిచాడు. "పోనీ, వేరుశనగ మొక్కను ఎప్పుడైనా చూశావా?" అన్నాను. "లేదండి. కాయలు కొమ్మలకే కదండీ కాసేది?" అన్నాడు.

మార్కులు తగ్గించి పంపేశాను. ఆ తర్వాత నా మీద నాకే చిరాకు వేసింది. నేనూ ఇరవై ఏళ్లు మెట్ట వ్యవసాయం గురించి నల్లబల్ల మీద రాసినదాన్నే. అనంతపురం చేలో కాలు పెట్టింది మాత్రం నలభై దాటాకే, అదీ ఒక పెళ్లికి వెళ్లినప్పుడు.

2020-21 విద్యా సంవత్సరం నుంచి మన డిగ్రీ కోర్సుల్లో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అందులో తొలి మెట్టు ఈ సమాజ సేవా ప్రాజెక్టు. 180 గంటలు, 4 క్రెడిట్లు. ఆలోచన మంచిదే, అందులో నాకు సందేహం లేదు. తప్పంతా అమలు నిబంధనల్లో ఉంది. ఇంటి నుంచి వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగే ఊరినే ఎంచుకోవాలన్నారు. అంటే పుట్టి పెరిగిన ఊరిలోనే, రోజూ చూసే పెద్దమ్మను "మీ ఇంట్లో ఎంతమంది?" అని ప్రశ్నపత్రం పట్టుకుని అడగాలి. పెద్దమ్మ నవ్వి, మజ్జిగ ఇచ్చి పంపుతుంది. పైగా వేసవి సెలవుల్లో. మే నెలలో పొలాల్లో ఏముంటుంది? ఉపాధి హామీ పనులకు తెల్లవారుజామున వెళ్లి చూస్తే కొంత తెలుస్తుంది గానీ, ఆ వేళకు లేచే విద్యార్థిని నేనింకా చూడలేదు.

నా విన్నపం ఒక్కటే. ఈ 180 గంటల్లో కనీసం పది రోజులు విద్యార్థిని మరో జిల్లాకు పంపండి. అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి, అక్కడి వాళ్లతో పని చేయాలి.

ఉదాహరణకు దసరా సెలవులు తీసుకోండి. ముందుగా విత్తిన వేరుశనగ చేలు అప్పటికి పీకడానికి వస్తాయి. మా కోనసీమ పిల్లలు అనంతపురం వెళ్లి నాలుగు సాళ్లు పీకితే, పువ్వు నేల పైన పూస్తుందనీ, పువ్వు నుంచి సాగే ఊడ మట్టిలోకి దిగాక దాని కొసన కాయ ఊరుతుందనీ చేతికే తెలుస్తుంది. ఊడలు దిగే రోజుల్లో వాన ముఖం చాటేస్తే చేను పచ్చగానే కనిపిస్తుంది, పీకితే కాయ ఉండదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వర్షంలో ఏ వారం కురిసింది అన్నదే ముఖ్యమని నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. రాత్రి ఆ రైతు అరుగు మీద కూర్చుని అప్పుల లెక్క వింటే ఎక్కుతుంది.

అదే సమయంలో అనంతపురం పిల్లలు మా వైపు రావాలి. కాలువల నిండా నీళ్లున్న కోనసీమలో 2011 ఖరీఫ్‌లో రైతులు పంట వేయం అంటూ పంట విరామం ఎందుకు ప్రకటించారో వాళ్లకు పెద్ద చిక్కుముడి. నీళ్లుంటే చాలు బంగారం పండుతుందని నమ్మే ఊళ్ల నుంచి వస్తారు కదా! పూడిపోయిన మురుగు కాలువలు చూపిస్తాం, కూలి ఖర్చు, ధాన్యం ధర పక్కపక్కన రాసి చూపిస్తాం.

ఇదేమీ కొత్త వింత కాదు. వ్యవసాయ డిగ్రీ విద్యార్థులు చివరి ఏడాదిలో పల్లెల్లో మకాం పెట్టి, ఒక్కొక్కరు ఒక రైతు వెంట తిరిగి నేర్చుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. కేంద్రం యువ సంగమ్ పేరుతో విద్యార్థులను వేరే రాష్ట్రాలకు వారం రోజులు తీసుకెళుతోంది, కాకపోతే అది ఎంపికైన కొద్దిమందికే. రాష్ట్రాలను జతకట్టే కేంద్ర కార్యక్రమం ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్‌లో మనకు జోడీ పంజాబు. పంజాబు చూడవలసిందే, ముందు పెనుకొండ చూసిన తర్వాత.

ఖర్చు గురించి ఆర్థిక శాఖ అడుగుతుంది. దసరా సెలవుల్లో సంక్షేమ వసతి గృహాలు ఖాళీగా ఉంటాయి. వంట, కాపలా ఏర్పాటు చేస్తే చాలు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద అమ్మాయిలకు ఎక్స్‌ప్రెస్ బస్సుల వరకు చార్జీ లేదు, అబ్బాయిలకు మాత్రం ఇవ్వాలి. అమ్మాయిలను పంపడానికి తల్లిదండ్రులు జంకుతారు, జంకాలి కూడా. ప్రతి బృందంతో ఒక అధ్యాపకురాలు రాత్రింబవళ్లు ఉండకపోతే నేనూ వద్దనే అంటాను. పండుగపూట పిల్లలను పంపమంటారా అని కూడా అడుగుతారు. ఒక్క దసరాకు ఇల్లు దూరమైతే సర్దుకుంటారు. అదే సంక్రాంతికైతే, మా ప్రభల తీర్థం జాతర వదిలి రమ్మని కోనసీమ పిల్లలను అడిగే ధైర్యం నాకు లేదు.

మరొక్క మాట. ఆ టైపు చేసిన నివేదికను ఎత్తివేయండి. రోజుకు ఒక పేజీ, చేతిరాతతో డైరీ రాయించండి. తిరిగి వచ్చాక అరగంట కూర్చోబెట్టి మాట్లాడించి మార్కులు వేయమనండి. జిరాక్సు దుకాణదారుకు కొంత నష్టమే, ఏం చేస్తాం.

వచ్చే దసరాకు రెండు కళాశాలల మధ్య, ఇటు నుంచి ఇరవై మంది, అటు నుంచి ఇరవై మందితో మొదలుపెట్టించండి. వెంట వెళ్లడానికి ఎవరూ దొరకకపోతే నాకు కబురు పంపండి. మోకాళ్లు సహకరించవు కాబట్టి చేలో దిగలేను గానీ, గట్టు మీద కూర్చుని పిల్లల డైరీలు దిద్దగలను. జీతం అక్కర్లేదు. బస్సు చార్జీ ఎలాగూ లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు,
కోనసీమ